వెనక్కి నడిచిన పాట

1968వ సంవత్సరం. వరి కోతలయ్యాక వచ్చిన కోతపండుగ ఆదివారం. పొద్దున్న పది గంటల పది నిమిషాలు. ఆ నిమిషానికి మా పేట ప్రార్థన మందిరంలో మగవాళ్ళ వైపు చాపలు నిండుగా ఉన్నాయి. ఆడవాళ్ళ వైపు ఒక్క మనిషి లేదు. మేమంతా బయట కళ్ళంలో ఉన్నాం. పాట మాత్రం ఆగలేదు.

వేళ ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నావని అడుగుతారేమో. అప్పటికి నాకు గడియారం చూడడం రాదు, మా మేష్టారికి వచ్చు. ఆరాధనలో ఏది మొదలైనా, ఏది మరీ సాగినా, జేబులోంచి వాచీ తీసి వేళ పైకి చదవడం ఆయన అలవాటు. ఆ రోజూ చదివాడు. చదివి తలెత్తాకే ఆయనకు సంగతి తెలిసింది.

నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. అందుకని నోటితో ఎలా చెబుతానో అలాగే రాస్తున్నాను. దిద్దాలనుకునేవాళ్ళు అక్షరాలు దిద్దుకోండి, సంగతి ముట్టుకోకండి.

నా కన్నవారిది శృంగవరపుకోట దగ్గర, కొండ నీడ పడే ఊరు. పెళ్ళయి శ్రీకూర్మం పక్కన ఒక పల్లెకి వచ్చాను. కొండ దగ్గర పుట్టి సముద్రం దగ్గరకి చేరానన్నమాట. అత్తవారికి సెంటు భూమి లేదు. ఒకరి మడిలో ఉడుపు, ఇంకొకరి మడిలో కోత, అది అయిపోతే వేరుశనగ చేలో పని. ఎక్కడికి వెళ్ళినా నా గొంతు నాకంటే ముందు వెళ్ళేది.

ఉడుపు అంటే తెలియనివాళ్ళుంటారు, చెబుతాను. వరి నారు మడిలో నాటడమే ఉడుపు. అది ఆడవాళ్ళ పని. మగవాళ్ళు దున్నుతారు, నారుకట్టలు మోస్తారు, ఆ తర్వాత గట్టు మీద కూర్చుని చుట్ట కాలుస్తారు. మేము వరసగా నిలబడి, నడుం వంచి, నాటుకుంటూ వెనక్కి నడుస్తాం. ముందుకు నడిస్తే నాటిందంతా తొక్కేస్తాం కదా. ఒక మనిషి పాట ఎత్తుతుంది, తక్కినవాళ్ళు అందుకుంటారు. అందుకునేటప్పుడు అందరి చేతులూ బురదలోకి దిగుతాయి. పల్లవి ముగిసేచోట అందరి కాళ్ళూ ఒక్క అడుగు వెనక్కి పడతాయి. వెయ్యమని ఎవరూ చెప్పరు, పాటే లాక్కుపోతుంది. పాట ఎత్తే మనిషి తడబడిందా, వరస పాములా మెలికలు తిరుగుతుంది.

ఆ చుట్టుపక్కల పాట ఎత్తేది నేను. నాది తియ్యని గొంతేమీ కాదు. నాలుగు మళ్ళ అవతల దున్నుతున్న ఎడ్లు కూడా చెవులు తిప్పేవి, అలాంటి గొంతు. ఉడుపుకి కబురు పంపే రైతు ముందు నేను వస్తున్నానో లేదో అడిగి, తర్వాత మిగతావాళ్ళ సంగతి అడిగేవాడు. మేము పాడేవి సరసాల పాటలు. బావల మీద, అత్తల మీద, అన్నిటికంటే ఎక్కువ కామందు మీద. మేము ఎక్కువగా పనిచేసిన పొలం కామందు మంచివాడే, కాని కాలికి బురద అంటనిచ్చేవాడు కాదు. నల్ల గొడుగు వేసుకుని గట్టు మీద నిలబడేవాడు. ఆయన మీద నేనే ఒక పాట కట్టాను.

గట్టు మీద గొడుగు నీడ కామందో
గట్టు దిగితే ఏటి పోద్ది కామందో

ఇది ఎత్తగానే ఆడవాళ్ళంతా నవ్వుతూ అందుకునేవారు. ఆయన వినీ విననట్టు గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకునేవాడు. దిగేవాడు మాత్రం కాదు.

మేము మందిరానికి వెళ్ళడానికి కారణం మా అత్త కన్ను. నేను కాపురానికి వచ్చేటప్పటికే ఆమెకు రెండు కళ్ళూ మసకబారాయి. ఎవరో చెబితే మిషను ఆసుపత్రికి తీసుకెళ్ళాం, ఒక కంటికి ఆపరేషను చేశారు. కట్టు విప్పాక ఆమె నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "ఏటే, గొంతు ఇని నువ్వు పొడుగనుకున్నాను" అంది. ఆమె రెండో మాట, వచ్చే ఆదివారం నుంచి ఇంటిల్లిపాదీ ప్రార్థన మందిరానికి వెళ్ళాలని. మా ఇంట్లో ఆమె మాటకి ఎదురు లేదు. మా ఇంటాయన చుట్ట పారేసి వెళ్ళాడు. నేనూ వెళ్ళాను. ఉన్నమాట చెప్పాలి, అప్పుడు నేను దేవుడి వెనక వెళ్ళలేదు, మా అత్త వెనక వెళ్ళాను. ఏడాది తిరిగేసరికి అందరం బాప్తిస్మం తీసుకున్నాం.

మందిరం అంటే మూడు గోడలు, పైన తాటాకు. వెనక గోడ ఎప్పటికప్పుడు వచ్చే ఏడు కడదామని వదిలేశారు. ఆ వైపు నేల మట్టంగా ఉండి, అలాగే కళ్ళంలో కలిసిపోతుంది. కళ్ళం అవతల రోడ్డు. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, శ్రీకాకుళం నుంచి నెలకొకసారి సైకిలు మీద వచ్చేవాడు. మిగతా ఆదివారాలు ఆరాధన నడిపేది మేష్టారు. ఆయనది విజయనగరం, తాతల నాటి నుంచి క్రైస్తవులు. మా పేట బడికి పంతులుగా వచ్చాడు. మల్లెపువ్వులాంటి పంచె, చేతికింద హార్మోనియం, ఎదురుగా పాటల పుస్తకం. ఆ పుస్తకంలో పాటలు నాకు కొరుకుడు పడేవి కావు. ఒక్క మాటని సాగదీసి, సాగదీసి, ఊపిరి అయిపోయినా మాట అయ్యేది కాదు. చదువు రాదు గనుక పక్కవాళ్ళ నోరు చూసి పట్టుకునేదాన్ని. పట్టుకున్నాక ఊరుకోలేకపోయేదాన్ని. నా గొంతు లేస్తే హార్మోనియం వినపడేది కాదు. కొన్ని వారాలు ఓర్చుకుని, చివరికి నన్ను పిలిచి, దేవుడు దగ్గరలోనే ఉన్నాడమ్మా, నోట్లోనే పాడుకో, అని మెల్లగా చెప్పాడు. ఉడుపు పాటలు లోకపు పాటలనీ, బాప్తిస్మం పొందిన నోటితో అవి ఇక పాడకూడదనీ కూడా చెప్పాడు.

నేను అడ్డం తిరగలేదు. చదువుకున్నాయన, దేవుడికి దగ్గరివాడు, ఆయన చెబితే దేవుడు చెప్పినట్టే అనుకున్నాను. ఆ ఏడు ఉడుపుల్లో నోరు విప్పలేదు. మందిరంలో ఎలాగూ నోట్లోనే. పాట పోయాకగాని నాకు నడుం ఒకటి ఉందని తెలియలేదు. అంత నొప్పి. నా పక్కన నిలబడి పాట అందుకునే మా వదిన, అంటే మా ఇంటాయనకి పెద్దనాన్న కూతురు, రోజూ దెప్పేది. నీ దేవుడికి చెవుడా, పాటంటే పడదా అని. వేరేవాళ్ళు ఎత్తి చూశారు, నిలబెట్టలేకపోయారు. కామందు మడి చూసి, ఎలుకలు నాటినట్టుందన్నాడు. గట్టు మీద ఊరికే నిలబడడం ఆయనకీ కష్టంగానే ఉన్నట్టుంది. ఒకరోజు నన్ను పిలిచి, "నా మీద పాడీదానివి కదే, ఏటి, నానేటైనా అన్నానా?" అని అడిగాడు. తల దించుకుని నాటుకున్నాను.

ఇంట్లో కూడా పాడడం మానేశాను. నీళ్ళు తోడుతూ, పిడకలు కొడుతూ మూగదానిలా తిరిగాను. అప్పటిదాకా గొడవ భరించలేకపోతున్నానని తిట్టిన మా అత్తే, ఇంట్లో శవం లేచినట్టుందని తిట్టడం మొదలుపెట్టింది.

దసరా వెళ్ళాక అయ్యగారు వచ్చాడు. ఆ రోజు ప్రసంగంలో ఒక మాట చెప్పాడు. దేవుడు పైన కూర్చుని చూస్తూ ఊరుకోలేదు, మనలాంటి మనిషిగా కిందికి దిగి వచ్చాడు, పశువుల పాకలో పుట్టాడు అని. అంతకుముందు కూడా చాలాసార్లు విన్న మాటే. ఆ రోజెందుకో నాకు గట్టు కనిపించింది, గొడుగు కనిపించింది. ఈయన దిగాడు కదా అనుకున్నాను. ఈయన గొడుగు పక్కన పడేసి, పంచె ఎగ్గట్టి, మా మడిలోకి దిగిపోయాడు కదా. చాప మీద కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉన్నాను, లోపల పాత పాట తిరగబడి కొత్త పాటయిపోయింది. నమ్మకం కలగడం అంటే ఏమిటని నన్ను ఎవరడిగినా ఆ ఘడియే చెబుతాను. అప్పటిదాకా నాకు ఉన్నది బాప్తిస్మం ఒక్కటే.

ఆ మధ్యాహ్నం అయ్యగారికీ మేష్టారికీ మా ఇంట్లో భోజనం. ఎండుచేపల పులుసు పెట్టాం. అయ్యగారు రెండోసారి అన్నం వడ్డించుకునేదాకా ఆగి మా అత్త అందుకుంది.

"అయ్యగారూ, మా కోడలి నోరు మూయించీసినారు. దేవుడు సెప్పినాడా, మేష్టారు సెప్పినాడా, అది తేల్చీయండి."

మేష్టారికి పొలమారింది. అయ్యగారు నన్ను పిలిచి అడిగితే, నా దగ్గర ఒక పాట ఉందని చెప్పాను. అక్కడే గడప దగ్గర నిలబడి రెండు ముక్కలు, నోట్లోనే, పాడాను.

గట్టు దిగి వచ్చినాడు మా కామందో
బురదలోన కాలెట్టినాడు మా కామందో

అయ్యగారు ముద్ద చేతిలో పట్టుకునే, బాగుందమ్మా అన్నాడు. మేష్టారు మాత్రం ఒప్పుకోలేదు. మాటలు మంచివే, వరస మంచిది కాదు, అది విన్నారంటే జనానికి గుర్తొచ్చేది మడి, దేవుడు కాదు అన్నాడు. ఆయన కోపంతో అనలేదు, నిజంగా భయపడే అన్నాడు. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరికి అయ్యగారు తీర్పు చెప్పాడు. కోతపండుగ నాడు ఒక్కసారి పాడనిద్దాం. సభ నిలిస్తే ఆమె పాట మందిరంలో ఉంటుంది. సభ చెదిరిపోతే మేష్టారి మాటే నిలుస్తుంది, మళ్ళీ ఎవరూ అడగకూడదు.

అంటే నాకు దొరికింది ఒక్క పాట. అది పోతే ఇక మడిలోనూ లేదు, మందిరంలోనూ లేదు, చచ్చేదాకా నోట్లోనే.

ఆ నెలంతా ఆడవాళ్ళకి పాట నేర్పాను. నేర్పడానికి ఏముంది, వరస అందరికీ వచ్చు. మా వదిన అప్పటికి బాప్తిస్మం తీసుకోలేదు, అయినా అందరికంటే ముందు వచ్చి కూర్చునేది. పాత కోకే, ఉతికి ఆరేశావు, అంది నా పాట విని. మా వీధి అరుగు మీద బియ్యంలో రాళ్ళు ఏరుతూ పాడుకున్నాం. కూర్చుని పాడుకున్నాం. ఇది గుర్తుపెట్టుకోండి.

పండుగ రోజు మందిరం దూలాలకి కొత్త వరి వెన్నులు కట్టారు. ఆరాధన బల్ల ముందు కానుకగా తెచ్చిన గుమ్మడికాయలు, చెరకుగడలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. ఆడవాళ్ళు బల్ల దగ్గరకి రాకూడదు, తమ చోటనే లేచి నిలబడి పాడాలి అని మేష్టారు ముందే చెప్పాడు. భక్తిగా ఉండాలంటే అందరూ కళ్ళు మూసుకోవాలని కూడా ఆయనే చెప్పాడు. నేను ముందు వరసలో నిలబడ్డాను. నా పక్కన, వరస కొసన, మేష్టారి భార్య. గంజి పెట్టిన తెల్లచీర, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడని మనిషి. వెనక మా వదిన, మా అత్త, తక్కినవాళ్ళు.

కళ్ళు మూసుకుని ఎత్తాను. నెలల తరబడి లోపల అణిగి ఉన్న గొంతు అది. మొదటి మాటకే కోళ్ళు అరిచాయి. ఆడవాళ్ళు అందుకున్నారు. ఆ అందుకోవడం ఎలా ఉందంటే, ఎండలో నడిచి నడిచి కాలవలో కాలు పెట్టినట్టుంది. నాకు ఇంకేమీ తెలియలేదు. కొంతసేపటికి కాళ్ళ కింద చాప అయిపోయి మట్టి నేల చల్లగా తగిలింది. ఆ తర్వాత వీపుకి వెచ్చగా తగిలింది. దేవుడి సన్నిధి ఇలా వెచ్చగా ఉంటుంది కాబోలు అనుకున్నాను. ఇంకా కొంతసేపటికి అరికాల్లో గడ్డిదుబ్బు గుచ్చుకుంది. సన్నిధిలో గడ్డిదుబ్బు ఉండదు కదా అని కళ్ళు తెరిచాను.

ఎదురుగా, దూరంగా, మందిరం ఉంది.

లోపల మగవాళ్ళు కళ్ళు మూసుకుని నిలబడే ఉన్నారు. వాళ్ళెప్పుడు నాటారు గనుక. పాట సాగుతోందని మేష్టారు వాచీ తీశాడు. "పది గంటల పది నిమిషాలు" అని చదివి తలెత్తాడు. ఆడవాళ్ళ చాపలు చూశాడు. గోడ లేని వైపు చూశాడు.

నా గొంతు ఆగిపోయింది. నేను ఆగినా మా వదినా వాళ్ళూ పల్లవి ముగించి, ఇంకొక అడుగు వెనక్కి వేసి మరీ ఆగారు. మేష్టారు చెప్పిందే నిజమైంది. మా కాళ్ళకి మడే గుర్తొచ్చింది. మేష్టారు, ఆయన వెనక అయ్యగారు, ఆ వెనక మగవాళ్ళు బయటికి వచ్చారు. మేష్టారి ముఖంలో గెలిచిన సంతోషం లేదు, పాపం. సభ చెదిరిపోయింది అయ్యగారూ, అని మాత్రం అన్నాడు. అయిపోయింది, ఇక నోట్లోనే అనుకున్నాను.

అప్పుడు రోడ్డు వైపు నుంచి మాట వినపడింది. మా కామందు, గొడుగుతో సహా, ఎప్పటినుంచి నిలబడి ఉన్నాడో.

"సెదరడమేటి మేష్టారూ. ఇటొచ్చి సూడు. తాడేసి నాటినట్టున్నాది వరస."

నిజమే. ఎడమకీ కుడికీ చూసుకున్నాం. ముందు వరస, వెనక వరస, ఒక్క మనిషి అడుగు ఎక్కువ లేదు, తక్కువ లేదు. మా అత్త అయ్యగారి వైపు తిరిగింది.

"నాకున్నది ఒక్క కన్ను. దానికే తిన్నగా అవుపిస్తన్నాది. మీకు రెండేసి ఉన్నాయి, సూసి సెప్పండి. సెదిరినోళ్ళు ఇలాగుంటారేటి?"

అయ్యగారు వరస కొసకి వెళ్ళి, ఒక కన్ను మూసి, మేస్త్రీ గోడ చూసినట్టు చూశాడు. మేష్టారిని కూడా పిలిచాడు. మేష్టారు వంగి చూశాడు. వరస అవతలి కొసన నిలబడి ఉన్నది ఆయన భార్య. గంజిచీర కుచ్చెళ్ళు మోకాళ్ళ దాకా ఎగదోపుకుని, రెండు కాళ్ళకీ దుమ్ము, నడుముకి కొంగు బిగించి. ఎప్పుడు దోపుకుందో ఆమెకే తెలియదు. ఆమె కిందికి చూసుకుంది, దింపుకోలేదు.

"మా యమ్మ ఉడుపుకెల్లీది. నాను గట్టుమీదే పెరిగినాను" అంది.

ఆమె నోట మా మాట వినడం మేష్టారికి అదే మొదటిసారనుకుంటాను. ఆయన నిటారుగా లేచి, వాచీ చూసుకుని, వేళ చదవకుండానే జేబులో పెట్టేసుకున్నాడు. అయ్యగారికి నవ్వు ఆగలేదు. కడుపు పట్టుకుని నవ్వి, తేరుకుని, సభ ఎక్కడుంటే బల్ల అక్కడికి తేవాలి గనుక బల్ల తెండి అన్నాడు. మగవాళ్ళు బల్లా గుమ్మడికాయలూ కోళ్ళూ మోసుకొచ్చారు. హార్మోనియం మేష్టారే తెచ్చుకున్నాడు. పాట మళ్ళీ మొదటి నుంచి ఎత్తమన్నారు. ఈసారి కూర్చుని పాడాం. ఎండలో, కళ్ళంలో. నోట్లో కాదు.

పాట అయ్యాక కామందు నన్ను దగ్గరకి పిలిచి, ఇందులో కామందు నేనేనా అని అడిగాడు. "కాదు బాబూ, ఆయన దిగినాడు" అన్నాను. గొడుగు ముడిచి చంకలో పెట్టుకుని, కళ్ళం అంచున గడ్డిమోపు మీద కూర్చున్నాడు. పండుగ కానుకలు వేలం వేస్తే గుమ్మడికాయ కూడా పాడుకున్నాడు.

ఎన్నో ఏళ్ళుగా వచ్చే ఏడు అనుకున్న వెనక గోడ ఆ క్రిస్మస్ లోపల లేచింది. మేష్టారే దగ్గరుండి కట్టించాడు. తడి సున్నం కొట్టి ఆరకముందే పండుగ వచ్చింది. పాట ముగిసేసరికి వెనక వరసవాళ్ళ వీపులన్నీ తెల్లగా ఉన్నాయి.

తర్వాత నన్ను ఊరూరికీ పిలిచారు. నరసన్నపేట వైపు, విజయనగరం, ఒకసారి శృంగవరపుకోటకే, నా కన్నవారు వినేటట్టు. డప్పు ఒక పక్క, మేష్టారి హార్మోనియం ఒక పక్క. శ్రుతి కొండ మీద పెట్టావమ్మా అని దారి పొడుగునా సణుక్కునేవాడు, వాయించకుండా మాత్రం ఉండేవాడు కాదు. ఇప్పటి పిల్లలు కీబోర్డు పెట్టి, నిలబడి, చప్పట్లు కొడుతూ పాడుతున్నారు. బాగానే ఉంటాయి. మాటలు వినపడేటట్టు పాడితే ఇంకా బాగుంటాయి. ఉడుపులో కూడా పాడాను, దేవుడి పాటా పాడాను, కామందు పాటా పాడాను. మేష్టారు అడగలేదు. నాకు అక్షరాలు పెట్టింది ఆయన భార్య. పాటల పుస్తకం పట్టుకుని వేలు పెట్టి చదివించింది. చదవడం వచ్చాక కూడా ఆ సాగతీత పాటలు నాకు నచ్చలేదు.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళని రాసి ఆపుతాను. ఒకరి పేరు ముందు రాస్తే ఇంకొకరి మనవరాలు దెబ్బలాటకి వస్తుంది, అందుకని పేర్లు రాయను. ఎవరు ఎవరో మా పేటలో అందరికీ తెలుసు. ఒంటికంటి మా అత్త. నా మొగుడు, చివరిదాకా కళ్ళు తెరవనివాడు. పాట అందుకున్న మా వదిన, తర్వాత ఏడు ఆమె కూడా బాప్తిస్మం తీసుకుంది. సైకిలు అయ్యగారు. వాచీ మేష్టారు. కుచ్చెళ్ళు దోపుకున్న ఆయన భార్య. చంటిపిల్లని భుజాన వేసుకుని కూడా అడుగు తప్పని మా ఎదురింటి కోడలు. డప్పు తెచ్చి, కొట్టనిస్తారో లేదోనని ఒళ్ళో దాచుకున్న మా మరిది. వెనక వరసలో నారు పీకే ఆకుతీతకి, కోతకి, ఉడుపుకి నాతో నడిచిన ఆడవాళ్ళంతా. రోడ్డు మీద గొడుగు కామందు. నేను. లేనిది వెనక గోడ ఒక్కటే.